ఎడమకి తిరిగిన సీసాలు

ఆ ఇంట్లో ఐదున్నరకి తెల్లవారేది. సరిగ్గా ఆ వేళకి కింద నేలమాళిగలో సీసాలు తిరిగేవి. చెక్క కన్నంలో గాజు మెడ ఒరుసుకుంటే వచ్చే చిన్న చప్పుడు, ఒకదాని తర్వాత ఒకటి, నూట ఇరవై సార్లు. పైన వంటింట్లో కొత్తమ్మ పాలు పొయ్యి మీద పెట్టి ఆ చప్పుడు వింటూ నిలబడేది. అది ఆగేసరికి పాలు పొంగుకొచ్చేవి. పక్కగదిలో భర్త ఒత్తిగిలి పడుకుంటూ, "మీ అక్క లేచింది" అనేవాడు.

ఆ అక్క పోయి నాలుగేళ్ళయింది.

అందులో ఎవరికీ వింత లేదు. బతికున్నన్నాళ్ళూ ఆవిడ పొద్దున్నే లేచి ఆ పనే చేసింది, ఇప్పుడూ అదే చేస్తోంది. బిరడాలు బిగించే తాత పెందరాళే పనిలోకి వస్తే, మెట్లు దిగుతూ "అమ్మగారూ, కాస్త జరుగుతున్నాను" అని చెప్పి సీసాలు గుచ్చిన పలకల పక్కనుంచి ఒదిగి వెళ్ళేవాడు. ఒకసారి సరుకు చూసుకోడానికి వచ్చిన వ్యాపారి ఆ వేళప్పుడే కిందికి దిగాడు. సీసాలు వాటంతటవే తిరగడం చూసి, "ఎవరండీ?" అని అడిగాడు. "మా మొదటావిడ" అన్నాడు ఇంటాయన. "చెయ్యి కుదురైనది" అని మెచ్చుకుని ఆ వ్యాపారి రెండు పెట్టెలు ఎక్కువే పట్టుకెళ్ళాడు.

వాళ్ళు చేసేది బుడగలు లేచే తెల్ల వైన్, తీపి బొత్తిగా లేనిది. షాంపేన్ పేరు వినని వాడు ఉండడు, దీని పేరు విన్నవాడు నాలుగు వీధులు దాటితే కనపడడు. చాకిరీ మాత్రం రెండింటికీ ఒకటే. వైన్‌ని సీసాలో పోసి, లోపలే మళ్ళీ పులియనిచ్చి, నెలల తరబడి పడుకోబెడతారు. అడుగున మడ్డి చేరుతుంది. ఆ మడ్డిని మూతిలోకి దింపడానికి సీసాలని కన్నాల పలకల్లో తలకిందులుగా గుచ్చి, రోజూ పొద్దున్నే ఒక్కో సీసాని పట్టుకుని చిన్న కుదుపు కుదిపి, కొంచెం, అంటే గుండ్రంలో ఎనిమిదో వంతు, తిప్పుతారు. ఎంత తిప్పారో తెలియడానికి అడుగున సుద్దతో ఒక గీత ఉంటుంది. నెలన్నరకి మడ్డంతా దిగి రేకు మూత మీద కూర్చుంటుంది. అప్పుడు మూత ఊడదీస్తే లోపలి గాలే మడ్డిని బయటికి తన్నేస్తుంది. ఖాళీ అయిన ఆ కాస్త జాగాని చాలామంది చక్కెర పాకంతో నింపుతారు. ఈ ఇంట్లో మాత్రం అదే వైన్‌తో నింపేవారు. తీపి పోస్తే తప్పులు కనపడవు, కనపడని తప్పు ఎలా దిద్దుకుంటాం, అనేదట అక్క.

ఇప్పుడు సీసాలు తిప్పడానికి ఇనప బుట్టల యంత్రం వచ్చింది. ఇంట్లో సరుకంతా దాని మీదే నడుస్తోంది. మిగిలింది ఒక్క జత పలకలు, ఒకదానికొకటి ఆనించి నిలబెట్టినవి, ముందు అరవై సీసాలు, వెనక అరవై. అక్క తన చేత్తో గుచ్చిన ఆఖరి సీసాలవి. నెలన్నరలో దింపాల్సినవి నాలుగేళ్ళుగా తలకిందులుగానే ఉన్నాయి, ఎందుకంటే అమ్మాయి దింపనివ్వదు.

"పలక ఖాళీ అయితే అమ్మకి పనేం ఉంటుంది?" అంది అమ్మాయి మొదటి ఏడాదే, తండ్రితో. "పని లేనిచోట అమ్మ ఒక్క పూట ఉండదు. నీకు తెలీదా?"

ఆయనకి తెలుసు. అందుకే మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

అప్పుడు పదిహేడేళ్ళ పిల్ల, ఇప్పుడు ఇరవై ఒకటి. రోజూ ఐదింటికే లేచి, దీపం వెయ్యకుండా కిందికి దిగి, మెట్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చునేది. అమ్మ చీకట్లోనే పని చేసేది కాబట్టి చీకట్లోనే వినేది. చప్పుడు ఆగాక పైకొచ్చి కాఫీ తాగేది. చదువు బాగానే అయింది, నాలుక మంచిది, కళ్ళు మూసుకుని ఏ సీసా ఏ ఏటిదో చెప్పేస్తుంది. దూరాన ఒక పెద్ద వైన్ కంపెనీ వాళ్ళు రుచి చూసే గదిలో ఉద్యోగమిస్తామని రెండుసార్లు ఉత్తరం రాశారు. రెండుసార్లూ రానని రాసేసింది. పొద్దున ఐదున్నరకి ఇక్కడ ఉండాల్సిన మనిషి ఎక్కడికి పోతుంది?

కొత్తమ్మ ఆ ఇంటికొచ్చి రెండేళ్ళు. రెండేళ్ళయినా కొత్తమ్మే. ఆ పేరు పెట్టింది బిరడాల తాత. మారుద్దామని ఎవరికీ తోచలేదు, ఆవిడ కూడా అడగలేదు. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు ఒక హోటల్లో గ్లాసులు తుడిచింది. కడిగేవాళ్ళు వేరే. ఈవిడ పని మెత్తటి నూలు గుడ్డలో గ్లాసుని తిప్పుతూ మెరిపించడం, రోజుకి మూడు నాలుగు వందలు. అతిథులు కూర్చుని షాంపేన్ అడిగేవారు. లేదంటే మొహం చిన్నబుచ్చుకుని, "పోనీ ఆ రెండోది తెండి" అనేవారు. ఆ రెండోది ఈ ఇంటి వైనే. సీసాల్లో మిగిలింది ఒక గుక్క పని అయ్యాక రుచి చూస్తే ఆవిడకి రెండోదే నచ్చేది. ఒకరోజు సరుకు దింపడానికి ఇంటాయన వచ్చి, మీ హోటల్లో నా వైన్‌కి నురగ రావట్లేదేమిటని వంటవాళ్ళతో తగువు పెట్టుకున్నాడు. "వైన్‌ది కాదండీ తప్పు, సబ్బుది" అని ఈవిడ ఒక గ్లాసు మళ్ళీ తుడిచి ఇచ్చింది. "మరీ శుభ్రంగా ఉన్నా బుడగ లేవదు. గుడ్డ నుంచి కంటికి కనపడని పోగు ఒకటి అంటుకోవాలి. దాన్ని పట్టుకుని పైకొస్తుంది." ఆయన ఆ గ్లాసు తాగాడు, మరుసటి వారం పని లేకపోయినా వచ్చాడు. నలభయ్యో ఏట ఆవిడకి పెళ్ళయింది.

అమ్మాయి ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు, నిజంగానే ఒక్క మాట కూడా. ఉప్పు కావలిస్తే, "నాన్నా, ఆవిణ్ణి ఉప్పు ఇమ్మను" అనేది. ఉప్పు ఆవిడ చేతి పక్కనే ఉండేది. ఈవిడ అందించేది, అమ్మాయి పుచ్చుకునేది, మధ్యలో ఆయన పూజారిలా కూర్చునేవాడు. కోపం ఉన్నా బాగుండేదని కొత్తమ్మకి అనిపించేది. కోపమైతే చల్లారుతుంది. ఆ పిల్లని చూస్తే ఆవిడకి జాలేసేది. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల పొద్దున్నే చలిలో కూర్చుని చప్పుడు వినడమేమిటి? కానీ చెప్పడానికి తనెవరు?

ఒకరోజు పాలు పొంగకముందే చప్పుడు ఆగిపోయింది.

మంట తక్కువైందేమో అనుకుంది. మర్నాడు అదే మంట, అదే గిన్నె, అవే పాలు, చప్పుడు ఇంకాస్త ముందే ఆగింది. అమ్మాయి స్నానానికి వెళ్ళాక కొత్తమ్మ దీపం పట్టుకుని కిందికి వెళ్ళి గీతలు చూసింది. వెనక పలకలో అట్టడుగు వరసలు రెండు తిరగలేదు. మిగతావన్నీ నిన్నటికంటే జరిగాయి, ఆ ఇరవై మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

అక్కకి ఓపిక తగ్గిపోతోందనుకుంది. ఇంకొన్నాళ్ళకి మొత్తం ఆగిపోతుంది, మెట్ల మీద ఆ పిల్ల అలా చెవులప్పగించి కూర్చునే ఉంటుంది, ఏమీ వినపడదు.

మర్నాడు ఐదింటికి ముందే, సామాన్లు దింపే వెనక తలుపులోంచి నేలమాళిగలోకి వెళ్ళి, చెప్పులు విడిచి, వెనక పలక దగ్గర నిలబడింది. పాలు పైన సన్నసెగ మీద పెట్టింది. అమ్మాయి వచ్చి మెట్ల మీద కూర్చుంది. మధ్యలో పలకలు ఉన్నాయి, చీకటి ఉంది. ఐదున్నరకి చప్పుడు మొదలైంది. ముందు పలకంతా అయింది, వెనక పలక మొదలైంది, సీసాలు ఒక్కొక్కటీ ఆవిడ మోకాళ్ళ దాకా తిరుగుతూ వచ్చాయి. అక్కడ ఆగిపోయాయి. కొత్తమ్మ చెయ్యి చాపి తర్వాతి సీసా పట్టుకుని, కుదిపి, తిప్పింది. అలా ఇరవై. అక్క ఆగినచోట అందుకుని అదే జోరుతో పూర్తి చేసింది. మెట్ల మీద దుప్పటి సర్దుకున్న చప్పుడైంది, తర్వాత అమ్మాయి పైకి వెళ్ళిపోయింది.

రోజులు గడిచేకొద్దీ అక్క ఇంకా ఇంకా వదిలేసింది. ఇరవై ముప్ఫై అయ్యాయి, ముప్ఫై నలభై అయ్యాయి. ఇరవై రోజులు తిరిగేసరికి వెనక పలక మొత్తం కొత్తమ్మదే అయింది. చేతులు నొప్పి పుట్టేవి. కానీ ఒక సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు, తనకి తాను కూడా సిగ్గుపడుతూనే చెప్పుకుంది. ఆ ఇంటికొచ్చాక పొద్దున్నే లేవాలని అంత తొందర ఎప్పుడూ పుట్టలేదు.

ఆ వారంలోనే కంపెనీ నుంచి మూడో ఉత్తరం వచ్చింది. ఇదే ఆఖరుదని, నెలాఖరు సోమవారానికి చేరకపోతే ఇంకొకరిని తీసుకుంటామని రాశారు. అమ్మాయి చదివి, మడిచి, పంచదార డబ్బా కింద పెట్టింది.

"ఆలోచించుకోవే" అన్నాడు తండ్రి.

"ఆలోచించాను నాన్నా. రానని రాసెయ్" అంది అమ్మాయి.

ఆ మర్నాడు పైన పాలు మాడిపోయాయి. కొత్తమ్మ సెగ సరిగా తగ్గించకుండా పరుగెత్తుకొచ్చింది పాపం. వెనక పలక సగంలో ఉండగా మాడు వాసన మెట్ల మీదుగా కిందికి దిగింది. "ఎవరూ లేరా పైన?" అంటూ అమ్మాయి లేచి దీపం వేసింది. పలకల సందులోంచి ఒక చెయ్యి కనపడింది, సీసా పట్టుకుని ఉంది.

అమ్మాయి చుట్టూ తిరిగి వచ్చింది. కొత్తమ్మ చెయ్యి తియ్యలేదు, తీసినా దాచడానికి ఏమీ లేదు.

"మీరా?" అంది అమ్మాయి. రెండేళ్ళలో ఆవిడతో నేరుగా అన్న మొదటి మాట అది.

"వెనకవే తల్లీ. ముందువి అక్కే తిప్పుతోంది. ఇరవై రోజులై ఇవి వదిలేస్తోంది. నువ్వు బెంగపడతావని..."

అమ్మాయి వినలేదు, గీతలు చూస్తోంది. ముందు పలకలో గీతలు కుడికి తిరిగి ఉన్నాయి. వెనక పలకలో ఆవిడ తిప్పినవన్నీ ఎడమకి. పద్దెనిమిదేళ్ళు గుడ్డలో గ్లాసుని ఎడమకి తిప్పిన చెయ్యి అది. సీసా పట్టుకున్నా ఎడమకే పోయింది. ఆ సంగతి కొత్తమ్మకి అప్పటిదాకా తట్టనేలేదు.

"అంతా తప్పుగా తిప్పారు" అంది అమ్మాయి. "అమ్మ పని మీరు లాగేసుకుంటే అమ్మ ఎందుకుంటుంది? మీరు అడ్డం రాబట్టే వదిలేస్తోంది. ఇల్లు ఇచ్చింది, నాన్నని ఇచ్చింది, ఇంకా చాల్లేదా మీకు? రేపట్నుంచి కిందికి రాకండి."

"రాను" అంది కొత్తమ్మ.

పైన ఆయన మాడిన గిన్నె తోముతున్నాడు. అంతా వినపడింది. "ముందే చెప్పుండాల్సింది" అన్నాడు.

"చెప్తే ఏడుస్తుందని."

"ఇప్పుడు నవ్వుతోందా?"

కొత్తమ్మ కుర్చీలో కూర్చుని చెంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ పిల్ల అన్నదాంట్లో నిజమెంతో ఆవిడకి తెలియలేదు. తను అడ్డం వెళ్ళకపోతే అక్క మళ్ళీ పుంజుకునేదేమో. మంచి చెయ్యబోయి ఆ పిల్లకి ఉన్న ఒక్క ఆసరా తీసేశానేమో.

ఆ సాయంత్రం అమ్మాయి సుద్దముక్క పట్టుకుని కిందికి వెళ్ళి, నూట ఇరవై సీసాల గీతలూ చెరిపేసి, అన్నీ నిట్టనిలువుగా కొత్తగా గీసింది. అమ్మ మొత్తం తిప్పుతుందో లేదో రేపు చూసి తేల్చుకుందామనుకుంది.

తెల్లవారింది. కొత్తమ్మ వంటింట్లోంచి కదల్లేదు. ఐదున్నరకి చప్పుడు మొదలైంది. ఆవిడ లెక్కపెట్టింది. అరవై అయ్యాయి, ఆగింది. అరవై ఒకటో చప్పుడు కోసం పైన ఈవిడ, కింద ఆ పిల్ల ఎదురుచూశారు. పాలు పొంగాయి. ఆవిడ పొయ్యి ఆర్పేసింది. కింద దీపం వెలిగిన వెలుతురు మెట్ల మీద పడింది.

తర్వాత అమ్మాయి మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నాన్నా, ఆవిణ్ణి..." అని మొదలుపెట్టి ఆపేసింది. ఆయన అక్కడ లేడు. ఇంకా లేవలేదు. "ఒకసారి కిందికి రండి" అంది.

కొత్తమ్మ వెనకే దిగింది. అప్పుడే వచ్చిన బిరడాల తాత పలకల ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనక పలకలో గీతలు నిట్టనిలువుగా, రాత్రి ఎలా గీసినవి అలాగే ఉన్నాయి. ముందు పలకలో అరవై గీతలూ తిరిగాయి, ఒక్కటీ మిగలకుండా. అన్నీ ఎడమకే.

"అమ్మ ఎప్పుడూ కుడికే తిప్పేది" అంది అమ్మాయి. "నా చెయ్యి పట్టుకుని నేర్పింది కూడా కుడికే. నిన్న పొద్దున కూడా కుడికే తిప్పింది. నేను చూశాను." ఆవిడ మొహంలోకి కాకుండా సీసాల కేసి చూస్తూ అంది. "ఇవాళ ఎందుకిలా తిప్పింది తాతా?"

తాత ఒక గీతని వేలితో తాకి చూశాడు. "మడ్డికి కుడేమిటి, ఎడమేమిటి? దిగితే చాలు. కానీ ఒక పని ఇద్దరు చేస్తున్నప్పుడు ఒకళ్ళ వాటం ఇంకొకళ్ళు చూసుకోవాలమ్మా. అమ్మగారు చూసుకున్నారు" అన్నాడు. "ఆవిడ మానేస్తోందా, అప్పగిస్తోందా అన్నది నువ్వే చూసుకో."

ఆ మాట అనేసి బిరడాల బుట్ట తెచ్చుకోడానికి వెళ్ళిపోయాడు.

అమ్మాయి మెట్టు మీద కూలబడి ఏడ్చింది. నాలుగేళ్ళుగా చెవులప్పగించి వినడమే గానీ ఏడవడానికి తీరిక దొరకని పిల్ల అది. కొత్తమ్మ పక్కన కూర్చుంది. ముట్టుకోవచ్చో లేదో తెలియక చేతులు ఒళ్ళోనే పెట్టుకుంది.

"అమ్మకి మీరు తెలుసా?" అంది అమ్మాయి ముక్కు తుడుచుకుంటూ.

"తెలుసని నాకూ ఇవాళే తెలిసింది" అంది కొత్తమ్మ.

కాసేపయ్యాక అమ్మాయి లేచి వెనక పలక చూపించింది. "అవి అలాగే ఉన్నాయి. తిప్పరా?" కొత్తమ్మ తిప్పింది. అమ్మాయి దీపం పట్టుకుంది.

అక్కణ్ణుంచి పని తొందరగానే సాగింది. ముందు పలకలో కూడా అక్క వరస తర్వాత వరస వదిలేసింది. వదిలినవి అమ్మాయి అందుకుంది, ఎడమకే తిప్పింది. ఆ నూట ఇరవై సీసాల్ని ముగ్గురు ఆడవాళ్ళు తిప్పుతున్నారని తాత వచ్చిన ప్రతివాడికీ గొప్పగా చెప్పుకున్నాడు. చివరికి అక్కకి పై వరసలో ఒక్క సీసా మిగిలింది. నాలుగు రోజులు దాన్నే తిప్పింది. ఐదోరోజు అదీ తిరగలేదు. అమ్మాయి ఆ సీసా ముందు నిలబడి ఏడున్నర దాకా చూసింది. తర్వాత తనే తిప్పి, "దింపేద్దాం" అంది.

ఆ రోజు ఇంటాయనా తాతా కలిసి సీసాలు దింపారు. మూత ఊడదీసిన ప్రతిసారీ మడ్డి ఎగిరి గోడకి కొట్టుకుంది. నాలుగేళ్ళ మడ్డి, గట్టిగానే కొట్టుకుంది. ఖాళీని అదే వైన్‌తో నింపారు. ఒక సీసా మాత్రం తాగడానికి ఉంచారు. కొత్తమ్మ నాలుగు గ్లాసులు గుడ్డలో తిప్పి తెచ్చింది. పోస్తే బుడగలు దారం తీసినట్టు లేచాయి. కోసిన పచ్చి ఆపిల్ వాసన, దాని వెనకాల కాల్చిన రొట్టె వాసన. నోట్లో పోసుకుంటే ఎక్కడా తీపి లేదు, అయినా మింగబుద్ధి కాలేదు, అలాగే ఉంచుకోవాలనిపించింది. ఆయన గ్లాసు పట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఇది దొరకని వాళ్ళు పోనీలే అని షాంపేన్ తాగుతారు కాబోలు" అన్నాడు తాత. అమ్మాయి నవ్వింది. ఆ పిల్లకి నవ్వితే బుగ్గ మీద సొట్ట పడుతుందని కొత్తమ్మకి అప్పుడు తెలిసింది.

రానని తండ్రి ఇంకా రాయనేలేదు. ఆ రాత్రే అమ్మాయి కంపెనీకి వస్తానని ఉత్తరం రాసింది.

సోమవారానికి చేరాలంటే ఆదివారం పది గంటల రైలు ఎక్కాలి. శనివారం పెట్టె సర్దారు. ఇంట్లో మిగతా వైన్ యంత్రం మీదే నడిచినా ఒక్క జత పలకలు మాత్రం చేత్తోనే తిప్పాలని ఇంటాయన ఖాయం చేశాడు. కొత్తమ్మ వాటిలో ఆ ఏటి సీసాలు గుచ్చింది. ఆదివారం ఐదున్నరకి తనే కిందికి వెళ్ళి నూట ఇరవై సీసాలూ తిప్పింది. చేతులు కడుక్కుని పైకొస్తూ మెట్ల కేసి చూసింది. అక్కడ దుప్పటి లేదు, అమ్మాయి లేదు.

ఆరున్నరయింది, ఏడయింది. ఎనిమిదవుతుంటే కొత్తమ్మ వెళ్ళి అమ్మాయి గది తలుపు తోసింది. కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. అమ్మాయి బోర్లా పడుకుని, నోరు కొంచెం తెరుచుకుని, ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. ఆవిడ భుజం మీద చెయ్యేసి, "లే తల్లీ, రైలు టైమవుతోంది" అంది.

అమ్మాయి కళ్ళు తెరవలేదు. తలగడ ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"ఇంకో ఐదు నిమిషాలు పడుకోనీ పిన్నీ" అంది.

కొత్తమ్మ మంచం అంచున కూర్చుని, ఆ పిల్లకి పావుగంట ఇచ్చింది.